ప్రకాశం బ్యారేజీ ఎగువన తీసే పూడికతో పక్షుల దిబ్బలు కట్టొచ్చా?

బెర్మ్‌పార్క్_వాకర్
ఆదివారం, ఉదయం 8:40

పొద్దున్నే విజయవాడలో బెర్మ్ పార్కు వైపు నడకకి వెళ్లేవాళ్లు చూసే ఉంటారు. కృష్ణా నదిలో డ్రెడ్జర్, అంటే పూడిక తోడే యంత్రం, నడుస్తోంది. గొట్టంలోంచి పడిన ఇసుక ఒడ్డున గుట్టవుతోంది, లారీలు ఎత్తుకుపోతున్నాయి. అది సరే. దాంతోపాటు వచ్చే బురద సంగతేంటి? నల్లటి మెత్తటి ఒండ్రు, ఎవరికీ అక్కర్లేదు. ఒడ్డున మడుగులు కట్టి ఎండుతుంది, నాలుగు వానలు పడితే మళ్లీ నదిలోకే జారుతుంది. దాన్నే వచ్చే ఏడు మళ్లీ తోడతారు.

అమెరికాలో మిసిసిపీ నదిలో ఇలా తోడిన మట్టితో నది మధ్యలోనే పక్షుల కోసం, చేపల కోసం దీవులు కడతారని చదివాను. భవానీ ద్వీపానికి పైన మనకి అంత వెడల్పు నీళ్లున్నాయి కదా. అలాంటివి రెండు మూడు చిన్న దిబ్బలు కడితే ఎలా ఉంటుంది? ఇంజనీర్లు, నది తెలిసినవాళ్లు చెప్పండి.

రాణిగారితోట_రాజా
ఆదివారం, ఉదయం 8:58

కట్టొచ్చు. మొదటి ఏడాది పక్షులు వస్తాయి. రెండో ఏడాది బోటింగ్ పాయింట్ వస్తుంది. మూడో ఏడాది పెళ్లిళ్లకి అద్దెకిస్తారు.

కృష్ణలంక_వాసి
ఆదివారం, ఉదయం 9:35

వాకర్ గారూ, 2024 సెప్టెంబరు 1, 2 తేదీల్లో మేం మేడ మీదున్నాం. బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. 2009 అక్టోబరులో వచ్చిన 11.10 లక్షలే మహా వరద అనుకుంటుంటే దాన్నీ దాటింది. అటు బుడమేరు సగం ఊరిని ముంచింది. మా వైపు రిటైనింగ్ వాల్ ఉంది కాబట్టి బతికాం. ఆ గోడ లేని రోజుల్లో 5.69 లక్షలకి రెండో హెచ్చరిక అనగానే మూటలు సర్దుకునేవాళ్లం.

నదిలోంచి మట్టి తీసేది నీళ్లకి దారివ్వడానికి. తీసిన మట్టిని మళ్లీ నదిలోనే పోస్తే తీసినట్టా, పోసినట్టా? ఆ వరదలో బోట్లు కొట్టుకొచ్చి గేట్లకి తగిలితేనే ఊరంతా ఎంత టెన్షన్ పడిందో మర్చిపోయారా? రేపు మీ దిబ్బ మీది చెట్లు వేళ్లతో సహా లేచి వస్తే?

లాక్రాస్_బ్రాడీపేట
ఆదివారం, ఉదయం 11:20

మాది గుంటూరు. ఉద్యోగం విస్కాన్సిన్‌లో, లాక్రాస్ అనే ఊళ్లో. ఊరి పక్కనే మిసిసిపీ. వాకర్ గారు చదివింది దాదాపు మా ఊరి కథే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

1930లలో ఇక్కడ సరుకు పడవలకి తొమ్మిదడుగుల లోతు ఉండేలా వరసగా ఆనకట్టలు, లాకులు కట్టారు. ఒక్కో ఆనకట్ట వెనక నిలిచిన నీటిని పూల్ అంటారు, వాటికి నంబర్లు. మాది పూల్ 8. నీళ్లు ఎక్కిన కొత్తలో మెరక భూములన్నీ దీవులుగా మిగిలాయి. బాతులు, చేపలు, నీటి మొక్కలు, అన్నీ పుష్కలం. తర్వాత మొదలైంది గొడవ. ఆనకట్ట వెనక నీటి మట్టం ఏడాదంతా ఇంచుమించు ఒకే చోట ఉంటుంది, దాంతో అల ఎప్పుడూ ఒకే గీత మీద కొడుతుంది. దీవుల అంచులు కోసుకుపోయాయి, చిన్నవి పూర్తిగా పోయాయి. దీవి పోయాక గాలికి అడ్డం లేదు. మైళ్ల పొడవునా గాలి నీటిని తోస్తుంటే అలలు పెరుగుతాయి, అడుగున ఉన్న మెత్తటి బురద లేస్తుంది. నీళ్లు మసకబారితే ఎండ లోపలికి దిగదు, మొక్కలు చస్తాయి. మొక్కలు చచ్చాక అడుగు మట్టిని పట్టి ఉంచేదేమీ ఉండదు, బురద ఇంకా లేస్తుంది.

1986లో ఇక్కడి కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఎగువ మిసిసిపీ బాగు కోసం ఒక కార్యక్రమానికి చట్టం చేసింది. దాని కింద సైన్యపు ఇంజనీర్ల విభాగం 1980ల చివర మొదలుపెట్టి 2012 దాకా మూడు దఫాలుగా పూల్ 8 దిగువ భాగంలో దీవులు కట్టింది. దీవి అనగానే భవానీ ద్వీపాన్ని ఊహించుకోకండి. ఇవి సన్నగా, పొడుగ్గా, వంపులు తిరిగి ఉంటాయి. ఎత్తు తక్కువ. పెద్ద వరదొస్తే మునగాలనే లెక్కతో కడతారు. అడుగున పడవల దారిలోంచి తోడిన ఇసుక. దాని మీద పలచగా మెత్తటి ఒండ్రు పరుస్తారు, గడ్డి, చెట్లు మొలిచేది అందులోనే. అల తగిలే వైపు అక్కడక్కడా నీటిలోకి చొచ్చుకొచ్చేలా రాతి కట్టలు, వాటి మధ్య ఒడ్డంతా విల్లో మొక్కలు. కొన్ని చోట్ల ఏమీ నాటకుండా ఒట్టి ఇసుక వదిలేస్తారు, తాబేళ్లు గుడ్లు పెట్టుకోడానికి.

ఇందులో లాభం దీవి మీద కంటే దీవి చాటున ఎక్కువ. గాలి తగలని ఆ నీళ్లు తేరుకుంటాయి, మొక్కలు తిరిగొస్తాయి. నవంబరులో ఉత్తరం నుంచి దిగే టండ్రా హంసలు వేలకొద్దీ ఆగేది ఆ మొక్కల దుంపల కోసమే. రోడ్డు పక్కన కారాపి జనం చూస్తుంటారు.

ఇంకో సంగతి. 2001, 2002 వేసవుల్లో పూల్ 8 మట్టాన్ని అడుగున్నర దించారు. బయటపడిన బురద ఎండి గట్టిపడింది, అందులో పడి ఉన్న గింజలు వాటంతటవే మొలిచాయి.

బెర్మ్‌పార్క్_వాకర్
ఆదివారం, ఉదయం 11:41

ఇంత ఓపికగా రాసినందుకు థాంక్సండీ. మరి మన బ్యారేజీ మట్టాన్ని కూడా వేసవిలో కాస్త దించితే? మట్టి పోసే పనే ఉండదుగా.

లస్కరు_బాబాయ్
ఆదివారం, మధ్యాహ్నం 1:15

అబ్బాయ్, ఆ మాట ఇరిగేషన్ ఆఫీసులో అనకు. 57 అడుగుల దగ్గర నీళ్లు నిలబెడితేనే అటు తూర్పు కాలువకీ ఇటు పడమటి కాలువకీ నీళ్లు సరిగ్గా ఎక్కేది. విజయవాడ తాగేది అక్కడి నీళ్లే, గుంటూరుకి పోయేవీ అక్కడివే, ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటు వాడేవీ అక్కడివే. అన్నీ కలిపి బ్యారేజీ పట్టేది మూడు టీఎంసీల చిల్లర. ఎండాకాలంలో ప్రతి అంగుళానికీ ఒకడు కాపలా కాస్తాడు. నా ఉద్యోగమంతా ఆ అంగుళాలు చూడటంతోనే గడిచింది.

కాలువలకి నీళ్లు కట్టేశాక కొన్నాళ్లు వెసులుబాటు ఉంటుంది కానీ, అప్పుడు కూడా తాగునీటికి ఉంచాల్సిందే.

సివిల్_గురునానక్‌కాలనీ
ఆదివారం, మధ్యాహ్నం 2:30

కృష్ణలంక వాసి గారి ప్రశ్నకి ముందు అంకెల్లో జవాబు చూద్దాం.

400 మీటర్ల పొడవు, పైన 20 మీటర్ల వెడల్పు ఉన్న దిబ్బ. నీటి లోతు 2 మీటర్లు, నీటి పైన 1 మీటరు ఎత్తు, మొత్తం 3 మీటర్లు. ఇసుక నీటిలో నిలవాలంటే వాలు బాగా పరుచుకుని ఉండాలి, ఒక మీటరు ఎత్తుకి పక్కకి 5 మీటర్లు అనుకుందాం. అప్పుడు అడుగున వెడల్పు 50 మీటర్లు. సగటు 35, ఎత్తు 3, అడ్డకోత వైశాల్యం 105 చదరపు మీటర్లు. పొడవుతో గుణిస్తే 42,000 ఘనపు మీటర్లు. ఇసుకైతే రమారమి 67,000 టన్నులు. లారీకి 20 టన్నుల చొప్పున 3,360 లారీలు. ఇది ఒక్క చిన్న దిబ్బకి.

వరద సంగతి. కిలోమీటరుకి పైగా వెడల్పున్న నదిలో ప్రవాహం దిశలోనే పెట్టిన దిబ్బ అడ్డుకునేది తక్కువే. అడ్డంగా పెడితే మాత్రం పాపమే. పైగా చుట్టూ లోతు చేస్తూ తీసిన మట్టినే పోస్తున్నాం కాబట్టి మొత్తం మీద నీటి దారి తగ్గదు అని వాదించొచ్చు. కానీ వాదన వేరు, రుజువు వేరు. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో కేంద్ర ప్రభుత్వ జల పరిశోధన కేంద్రం ఉంది, 1916 నుంచీ ఉంది. నదిని చిన్న నమూనాగా కట్టి, నీళ్లు వదిలి, మట్టం ఎక్కడ ఎంత లేస్తుందో కొలుస్తారు. 11.43 లక్షలకి ఆ పరీక్ష పెట్టకుండా బ్యారేజీ ఎగువన ఒక్క తట్ట కూడా పోయకూడదు. ఇందులో నేను కృష్ణలంక వైపే.

లాక్రాస్ గారూ, మీ దగ్గర పెద్ద వరదంటే ఎంత?

లాక్రాస్_బ్రాడీపేట
ఆదివారం, మధ్యాహ్నం 2:52

మాకు కాస్త ఎగువన వినోనా దగ్గర 1965 ఏప్రిల్ వరదలో సుమారు 2.7 లక్షల క్యూసెక్కులు. రికార్డు అదే. మంచు కరిగి వచ్చే వరద, చాలా రోజుల ముందే తెలుస్తుంది.

కృష్ణలంక_వాసి
ఆదివారం, మధ్యాహ్నం 3:05

అంటే మీ రికార్డు వరద మా మొదటి హెచ్చరికకి కూడా సరిపోదు. మొదటి హెచ్చరికే 3.97 లక్షలకి ఇస్తారు మాకు. అక్కడ నిలబడిన దీవి ఇక్కడ నిలబడుతుందని ఎలా అంటాం?

రేవు_లారీ
ఆదివారం, సాయంత్రం 5:10

ఇంజనీరు గారి లెక్క చూశాక నవ్వాగలేదు. 3,360 లారీల ఇసుక నదిలో పోసి పక్షులకిస్తారా? 2024 జూలై నుంచి ఇసుక ఉచితమే, కానీ తవ్వకం కూలి, ఎత్తుబడి, బండి బాడుగ ఉచితం కాదుగా. రేవు దగ్గర లోడు కోసం రాత్రంతా లైన్లో నిలబడే వాళ్లం మేం. అలాంటి చోట ఊరికే పడున్న ఇసుక దిబ్బంటే దానికి వరద అక్కర్లేదు సార్, అమావాస్య చాలు.

పడవల మీద ఇసుక తెచ్చే సొసైటీ వాళ్లు కూడా ఒప్పుకోరు. వాళ్లు మునిగి తట్టలతో తీసేది అదే ఇసుక.

బెర్మ్‌పార్క్_వాకర్
ఆదివారం, సాయంత్రం 5:26

నేనడిగింది ఇసుక గురించి కాదన్నా. మీరు వదిలేసే బురద గురించి.

సివిల్_గురునానక్‌కాలనీ
ఆదివారం, సాయంత్రం 6:15

ఒట్టి బురదతో దిబ్బ నిలవదు. గొట్టంలోంచి వచ్చేటప్పుడు అందులో మట్టి కంటే నీళ్లే ఎక్కువ. నదిలో పోస్తే పెరుగు బోర్లించినట్టు పరుచుకుపోతుంది. ముందు చుట్టూ గట్టు కావాలి, లోపల బురద నింపాలి, నీళ్లు పైనుంచి వడగట్టి వదలాలి, తర్వాత కాల్వలు తీసి ఎండబెట్టాలి. ఎండాక కుంగుతుంది, మళ్లీ నింపాలి. అమెరికాలో చీసపీక్ అఖాతంలో పోప్లర్ ద్వీపాన్ని 1998 నుంచి ఇలాగే పెంచుతున్నారు, బాల్టిమోర్ ఓడల దారిలోంచి తీసిన మట్టితో. 19వ శతాబ్దంలో వెయ్యి ఎకరాల పైచిలుకు ఉన్న ద్వీపం కోసుకుపోయి 1990లకి నాలుగైదు ఎకరాల ముక్కలయింది. ఇప్పుడు చూస్తే పాత దానికంటే పెద్దది. కానీ గట్టు చుట్టూ ఎంత రాయి పేర్చారో చూస్తే మనకి కళ్లు తిరుగుతాయి.

నెదర్లాండ్స్‌లో మార్కర్ వాడెన్ ఇంకా దగ్గరి పోలిక. మార్కర్‌మేర్ అనే సరస్సుకి 1975లో ఒక పక్క కట్ట పడింది, ఆ తర్వాత అడుగున బురద పేరుకుని నీళ్లెప్పుడూ మసకే, లాక్రాస్ గారు చెప్పిన రోగమే. 2016లో మొదలుపెట్టి ఇసుకతో అంచు కట్టి, లోపల ఆ సరస్సు బురదనే నింపారు. రెండేళ్లకే ఒక దీవిని జనానికి తెరిచారు, టెర్న్ అనే నీటి పక్షులు గుంపులుగా గూళ్లు పెట్టాయి. కానీ అది సరస్సు. దానికి సెప్టెంబరు నెల రాదు.

లస్కరు_బాబాయ్
ఆదివారం, రాత్రి 8:20

మీరంతా కట్టడం గురించే మాట్లాడుతున్నారు. నది కట్టినవాటి సంగతి ఎవరూ ఎత్తట్లేదు.

పైన శ్రీశైలం, దాని కింద సాగర్, దాని కింద పులిచింతల. పై నుంచి రావాల్సిన ఇసుకంతా వాటి వెనకే దిగిపోతోంది. బ్యారేజీ దాకా కొత్తగా వచ్చేది చాలామటుకు మునేరు తెచ్చేదే, దాన్లో కలిసే వైరా, కట్టలేరు తెచ్చేవి. ఆ కాస్త ఇసుక తిప్పలుగా పడుతుంది. వరద తీయగానే చూడండి, ఎగువన ఇబ్రహీంపట్నం పై నుంచీ, దిగువన యనమలకుదురు, చోడవరం ఎదురుగా, ఎన్ని తిప్పలు లేస్తాయో. రెల్లు మొలుస్తుంది, ఎండాకాలం వస్తే తీతువులు ఒట్టి ఇసుక మీదే గుడ్లు పెడతాయి. మేం గేట్ల మీద పనిచేసేటప్పుడు కిందికి దిగితే నెత్తి మీద తన్నేవి.

ఇప్పుడు ఆ తిప్పల మీదికి ట్రాక్టర్లు పోతున్నాయి, గేదెలు పోతున్నాయి, వాటి వెనక కుక్కలు. అవి వదిలేసి కొత్తది కట్టి పక్షులని రమ్మంటే ఎలా?

లాక్రాస్_బ్రాడీపేట
ఆదివారం, రాత్రి 8:47

బాబాయ్ గారూ, మాకూ అంతే. మా దగ్గర తోడే ఇసుకలో పెద్ద భాగం చిప్పెవా అనే ఉపనది తెచ్చి పడేసేది. మీ మునేరు లాగే.

మీరు చెప్పింది నిజంగా చేసి చూపించిన చోటు ఒకటుంది. లూసియానాలో అచాఫలాయా నది, హార్స్‌షూ బెండ్ అనే మలుపు. ఓడల దారి తోడిన మట్టి వేయడానికి ఒడ్డున చోటు అయిపోయింది. నది మధ్యలో అప్పటికే ఒక చిన్న మేట పడుతోంది. 2002 నుంచి ఆ మేటకి కాస్త ఎగువన నదిలోనే మట్టి వేస్తూ పోయారు. ప్రవాహమే దాన్ని తీసుకెళ్లి మేటకి చేర్చింది. రాయి లేదు, గట్టు లేదు. అలా పెరిగింది దాదాపు 35 హెక్టార్లు, అంటే 86 ఎకరాలు. కొంగలు గూళ్లు పెట్టుకున్నాయి.

సివిల్_గురునానక్‌కాలనీ
ఆదివారం, రాత్రి 9:10

అది ఏడాదంతా పారే నది. బ్యారేజీ వెనక వేసవిలో ప్రవాహం ఎక్కడుంది? గేట్లు దించాక నిలవ నీరే. వరదలో మాత్రం ఒక్కసారి విరుచుకుపడుతుంది. ఆ పద్ధతి పనికొస్తే పైన, మునేరు కలిసే చోటుకి దగ్గర్లో పనికి రావొచ్చు. ముక్త్యాల నుంచి విజయవాడ దాకా 82 కిలోమీటర్ల జలమార్గం అని 2017లో మొదలెట్టారు కదా, ఆ దారి తోడేటప్పుడు తీసిన దాన్ని ఏ తిప్పకి ఎగువన వేస్తే అది పెరుగుతుంది అని ఆలోచించి ఉంటే ఖర్చు పెద్దగా పెరిగేది కాదు.

ఉప్పలపాడు_గట్టు
సోమవారం, ఉదయం 7:05

గుంటూరు పక్కన మా ఉప్పలపాడు చూసి మాట్లాడండి సార్ ఒకసారి. ఊరి చెరువు. మధ్యలో మట్టి దిబ్బలు, వాటి మీద తుమ్మ చెట్లు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు, చెట్టు కనపడకుండా కూర్చుంటాయి. చోటు చాలకపోతే ఫారెస్టు వాళ్లు నీళ్లలో ఇనప స్టాండ్లు పాతారు. వాటి మీద కూడా గూళ్లు పెట్టాయి. కోట్లు పెట్టి కట్టిన దీవేమీ కాదిది.

పక్షికి కావాల్సింది చుట్టూ నీళ్లు. కుక్క ఈదుకుంటూ రాలేనంత. మనిషి రానంత. మేతకి అవి పొలాలు, చెరువులు, కాలువల మీదికి పోయొస్తాయి, అది వాటి తంటా. మా ఊళ్లో పిల్లాడు కూడా రాయి విసరడు, అసలు సంగతి అదీ.

అన్నట్టు, ఒకే దిబ్బ మీద అన్ని పక్షులూ అంటే కుదరదు. కొంగకి చెట్టు కావాలి. తీతువుకీ టెర్న్‌కీ చెట్టుంటే భయం, బోసి ఇసుక కావాలి. రెల్లు ఒక్క వానాకాలంలో ఆ ఇసుకని మూసేస్తుంది. వరద వచ్చి కడిగితేనే మళ్లీ బోసి.

సీతానగరం_వల
సోమవారం, ఉదయం 9:30

మా వాళ్లని ఎవరూ అడగలేదు. నేనే చెప్తా.

దీవి చాటున నీళ్లు నిలకడగా ఉంటాయని రాశారు పై ఆయన. నిలకడ నీళ్లలో ముందు చేరేది హంసలు కాదు, గుర్రపుడెక్క. వరద తగ్గాక బ్యారేజీ దగ్గర ఎంత పేరుకుంటుందో అందరికీ తెలుసు. మీ వంపు తిరిగిన దిబ్బ చాటుకి అది వచ్చి ఇరుక్కుందంటే కదలదు. కింద చీకటి, చేప ఊపిరాడక పోతుంది. మా పడవ దూరదు, వల పడదు.

చేపకి లాభం ఉండదని అనను. పల్లపు నీళ్లలో తుమ్మ కంప వేస్తే పిల్ల చేప దాక్కుంటుంది, మేం చెరువుల్లో చూసిందే. బొచ్చె, శీలావతి పిల్ల వదిలినప్పుడు చాటు లేక సగం పెద్ద చేపలకే పోతుంది.

కానీ రేపు అక్కడ పక్షులు వాలాయంటే ఎల్లుండి బోర్డు పెడతారు, వేట నిషేధం అని. బోటింగ్ వాళ్లకి మాత్రం నిషేధం ఉండదు. దీనికి జవాబు చెప్పాక దిబ్బ సంగతి.

లాక్రాస్_బ్రాడీపేట
సోమవారం, ఉదయం 10:15

గుర్రపుడెక్క సంగతి ఇక్కడ లేదు, చలికి బతకదు. ఇంజనీరు గారూ, రెండు చివర్లా నీరు పారేలా ఖాళీ వదిలితే?

సివిల్_గురునానక్‌కాలనీ
సోమవారం, ఉదయం 10:40

ఖాళీ వదిలితే కొట్టుకుపోవాలంటే పారకం ఉండాలి. నవంబరు తర్వాత ఉండదు. కాబట్టి గుర్రంనాడాలా వంపు తిరిగిన దీవి మనకి పనికిరాదు, తిన్నటి దిబ్బే, అదీ రెండు వైపులా తెరిచి. వల గారు చెప్పింది డ్రాయింగునే మార్చేస్తోంది.

ల్యాబ్_ఆటోనగర్
సోమవారం, మధ్యాహ్నం 12:20

ఒక్క మాట. సీసం, క్రోమియం లాంటి బరువు లోహాలు ఇసుక రేణువుకి అంతగా అంటుకోవు, మెత్తటి బంకమట్టికే అంటుకుంటాయి. అంటే మీరు వాడదామంటున్న బురదే ముందు పరీక్ష చేయాల్సింది. నది మధ్యలో తోడిన ఒండ్రు వేరు, ఊరి మురుగు పడే చోటు ఒండ్రు వేరు. ఏలూరు, బందరు, రైవస్ కాలువల్లో నీళ్లు కట్టేసినప్పుడు తీసే పూడిక చూశారుగా, సగం ప్లాస్టిక్. దాన్ని తెచ్చి పక్షులు తినే చోట వేస్తే పురుగులోకి, పురుగు నుంచి చేపలోకి, చేప నుంచి మనలోకి. ఎక్కడి మట్టి, ఎంత లోతు నుంచి తీసింది, ఈ రెండూ రాయకుండా ఇచ్చే రిపోర్టుకి విలువ లేదు.

మోడరేటర్
సోమవారం, మధ్యాహ్నం 12:45

పార్టీల మీద గొడవపడిన నాలుగు పోస్టులు తీసేశాను. దీవి గురించి మాట్లాడండి. ఏ ప్రభుత్వంలో ఎవరు ఎంత ఇసుక తిన్నారన్న దానికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకోండి.

ఏలూరురోడ్డు_వకీలు
సోమవారం, మధ్యాహ్నం 3:30

ఇంజనీర్లు మర్చిపోయింది ఒకటి చెప్తా. కృష్ణ మన దగ్గర 1884 నాటి రివర్ కన్సర్వెన్సీ చట్టం పరిధిలో ఉంది. నదిలో గట్టు వేసినా, చెట్టు నాటినా ప్రవాహానికి అడ్డం అవుతుందా అన్నది చూసి అనుమతివ్వాల్సిందే. లంక రైతులకి ఈ చట్టం బాగా తెలుసు. కాబట్టి ఎవరో సేవా సంఘం వాళ్లు ఉత్సాహపడి నాలుగు బోట్ల మట్టి పోసే పని కాదిది. పూడికతీత టెండరు రాసేటప్పుడే, తీసిన బురద ఎక్కడ వేయాలి అన్న షరతు ఒకటి ఉంటే కొంత పని జరుగుతుంది. అది టెండరు కాగితంలో ఒక పేరా.

కృష్ణలంక_వాసి
సోమవారం, రాత్రి 7:50

పై నుంచీ చదివాను. బాబాయ్ గారి మాట ఒక్కటే నాకు నచ్చింది. దిగువన ఉన్న తిప్పల మీదికి ఫిబ్రవరి నుంచి మే దాకా ట్రాక్టరు పోకుండా ఆపితే మాకేం నష్టం లేదు, వరద నాటికి అవి ఎలాగూ మునుగుతాయి. ఎగువన దిబ్బ అంటే మాత్రం పుణె పరీక్ష అయ్యాకే.

రేవు_లారీ
సోమవారం, రాత్రి 8:05

నాలుగు నెలలు ట్రాక్టర్లు ఆపేది మాకు సీజన్‌లోనే అండీ. వానల్లో ఎలాగూ రేవులు మూస్తారు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదంటే కిస్తీలు ఎవరు కడతారు? అన్ని తిప్పలూ కాకుండా, గుడ్లున్న తిప్ప ఏదో గుర్తుపెట్టి జెండా పాతండి, దాని జోలికి పోం. డ్రైవర్లకి నేను చెప్తా.

లస్కరు_బాబాయ్
సోమవారం, రాత్రి 8:30

లారీ అబ్బాయి చెప్పింది న్యాయంగా ఉంది. ఒక్కో ఏడు ఒక్కో తిప్ప మీద పెడతాయి, ఏ తిప్పని వదలాలో ముందే కాగితం మీద రాయలేం. మార్చిలో ఎవరో వెళ్లి చూసి రావాలి.

బెర్మ్‌పార్క్_వాకర్
సోమవారం, రాత్రి 9:15

సమాచార హక్కు కింద దరఖాస్తు రాస్తున్నా. ఎగువన తీసిన పూడికలో ఇసుక ఎంత, బురద ఎంత, ఆ బురద ఎక్కడ వేశారు, పరీక్ష ఏదైనా చేశారా, తోడిన గీతకి తిప్పలు ఎంత దూరంలో ఉన్నాయి, ఇవే అడుగుతున్నా. వకీలు గారూ, ఒకసారి చూసి దిద్దుతారా? దీవి ప్రస్తావన అందులో పెట్టట్లేదు, పెడితే అది పట్టుకుని మిగతావాటికి జవాబివ్వరు.

దిగువ తిప్పలు చూడటానికి ఈ ఆదివారం వెళ్దామనుకుంటున్నా. వల గారూ, మీ పడవ దొరుకుతుందా? ఉప్పలపాడు ఆయన కూడా వస్తే గుడ్లు ఏవి ఏ పక్షివో చెప్పగలరు.

ఉప్పలపాడు_గట్టు
సోమవారం, రాత్రి 9:22

వస్తా. పొద్దున్నే పోదాం, ఎండెక్కాక వెళ్తే పక్షి లేస్తుంది, గుడ్డు ఎండకి ఉడికిపోతుంది. ముగ్గురికి మించి వద్దు. కెమెరా వాళ్లు అసలే వద్దు.

సీతానగరం_వల
సోమవారం, రాత్రి 9:40

నా పడవ బ్యారేజీ పైన ఉంది, కిందికి రాదు. యనమలకుదురులో మా బావమరిదికి ఉంది, అడుగుతా. డీజిల్ ఖర్చు మీదే.